కోసిన పన్ను ఎవరి ఖాతాలో పడింది?

ప్రశ్న: హనుమకొండలో కేటరింగ్ చేస్తాను. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్‌కి జూన్ నుంచి మార్చి దాకా భోజనాలు మావే. నెలకు 1,80,000 బిల్లు, పైన 5 శాతం జీఎస్టీ. వాళ్లు టీడీఎస్ అని 1,800 పన్ను ముందే కోసి మిగతాది బ్యాంకులో వేస్తారు. ఇంకో కంపెనీకి మధ్యాహ్న భోజనాలు పంపిస్తాను. ఆ బిల్లు నెలకు 60,000. వాళ్లు మాత్రం ఆరు వేలు కోస్తున్నారు! అడిగితే ‘194జె మేడమ్, సిస్టమ్‌లో అంతే’ అంటున్నారు. పెళ్లిళ్లు, ఫంక్షన్ల మీద ఏడాదికి ఇంకో తొమ్మిది లక్షల దాకా వస్తుంది. 2025–26కి రిటర్న్ వేద్దామని చూస్తే, కాలేజీ వాళ్లు కోసిన దాంట్లో సెప్టెంబరు వరకే 26ఏఎస్‌లో కనపడుతోంది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలది లేదు. కాలేజీ అకౌంటెంట్ లెటర్‌హెడ్ మీద ‘ఇంత టీడీఎస్ కోశాం’ అని రాసి, స్టాంపు వేసి ఇచ్చాడు. అది చాలా? మా వారు టీచరు. ఆయనకి ఏటా ఫారం 16 వస్తుంది. నాకెందుకు రాదు? 16, 16ఏ, 26ఏఎస్, ఏఐఎస్ అంటున్నారు, ఏది దేనికో అర్థం కావడం లేదు.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: ముందు మీ చివరి మాటతో మొదలుపెడతానమ్మా. అది తేలితే మిగతావి వాటంతటవే విడిపోతాయి.

ఫారం 16 జీతగాళ్లది. జీతం ఇచ్చే సంస్థ ఏడాదికి ఒకసారి ఇస్తుంది. మీకు జీతం లేదు, బిల్లులున్నాయి. బిల్లుల మీద పన్ను కోసిన ప్రతి సంస్థా మీకు ఇవ్వాల్సింది ఫారం 16ఏ. అది ఏడాదికి కాదు, మూడు నెలలకొకటి. అంటే కాలేజీ నుంచీ, కంపెనీ నుంచీ ఏటా మీ చేతికి నాలుగేసి కాగితాలు రావాలి, ఒక్కటీ రాలేదంటే మీరు అడగలేదనీ వాళ్లు ఇవ్వలేదనీ అర్థం. అడగండి, అది మీ హక్కు.

16ఏ అనేది మీ డబ్బులో ఇంత కోసి, మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టామని చెప్పే రసీదు. దాన్ని అకౌంటెంట్ టైపు చేసి ఇవ్వకూడదు. ఆదాయపు పన్ను శాఖకే చెందిన ట్రేసెస్ వెబ్‌సైటు నుంచి దింపి ఇవ్వాలి. దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది, చలాన్ వివరాలు ఉంటాయి, కోసిన సంస్థ టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకిచ్చే గుర్తింపు నంబరు), మీ పాన్ నంబరు ఉంటాయి. డబ్బు కట్టి, దాని తాలూకు రిటర్న్ వేస్తే తప్ప ఆ కాగితం ట్రేసెస్‌లో పుట్టదు. అందుకే మీకు లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ఆ లెటరు పారేయకండి. కోసినట్టు వాళ్లే ఒప్పుకున్న రుజువు అది, తర్వాత పనికొస్తుంది. కానీ అది 16ఏ కాదు.

26ఏఎస్ మీ పాన్ మీద ఎవరెవరు ఎంత కట్టారో పన్ను శాఖ దగ్గరున్న లెక్క. ఈ-ఫైలింగ్ వెబ్‌సైటులో లాగిన్ అయ్యి, ‘ఈ-ఫైల్’లో ‘ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్స్’ కింద ‘వ్యూ ఫారం 26ఏఎస్’ నొక్కితే ట్రేసెస్‌కి తీసుకెళుతుంది. అక్కడ ప్రతి ఎంట్రీ పక్కన ఒక అక్షరం ఉంటుంది. ‘ఎఫ్’ ఉంటే సరిపోయినట్టు. ‘యు’ ఉంటే, రిటర్న్‌లో రాశారు గానీ దానికి తగిన చలాన్ దొరకలేదని. చాలామంది అంకె కనపడగానే ఊపిరి పీల్చుకుంటారు. పక్కనున్న అక్షరం కూడా చూడండి.

ఏఐఎస్ ఇంకా పెద్దది. 2021 నవంబరు నుంచి వచ్చింది. టీడీఎస్‌తో పాటు బ్యాంకు వడ్డీ, మీ జీఎస్టీ రిటర్న్‌లలో చూపిన టర్నోవరు, పెద్ద మొత్తం నగదు డిపాజిట్లు అన్నీ అందులో ఉంటాయి. తప్పు కనపడితే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. రిటర్న్ వేసే ముందు రెండూ చూడాలి. మీ వ్యాపారానికి మాత్రం ఆయువుపట్టు 26ఏఎస్సే.

ఇక కాలేజీ సంగతి. కోసిన పన్నును తర్వాతి నెల 7వ తేదీ లోపు కట్టాలి, మార్చిలో కోసింది ఏప్రిల్ 30 లోపు. మూడు నెలలకొకసారి 26క్యూ అనే రిటర్న్ వెయ్యాలి. అక్టోబరు–డిసెంబరుది జనవరి 31కి, జనవరి–మార్చిది మే 31కి పడాలి. అది వేసిన గడువు నుంచి పదిహేను రోజుల్లో 16ఏ మీ చేతికి రావాలి. ఈ తేదీలన్నీ దాటిపోయాయి కాబట్టి ‘వస్తుంది మేడమ్’ అనే మాటకి ఇక విలువ లేదు.

కాలేజీతో తగవు పెట్టుకునే ముందు ఇంట్లో ఒకటి సరిచూసుకోండి. కాంట్రాక్టు ఫారం నింపినప్పుడు ఏ పాన్ ఇచ్చారు? ఆడవాళ్ల పేరు మీద నడిచే వ్యాపారాల్లో భర్త పాన్ ఇచ్చేసిన సందర్భాలు నా దగ్గరికి చాలా వస్తాయి. మీకు సెప్టెంబరు వరకు సరిగ్గానే పడింది కాబట్టి ఆ అవకాశం తక్కువ. కానీ అక్టోబరులో కాంట్రాక్టు రెన్యువల్ లాంటిదేమైనా జరిగి, కొత్త ఫారం మీ వారు సంతకం పెట్టి ఉంటే, ఆయన 26ఏఎస్ ఒకసారి తెరవండి. డబ్బు అక్కడ కూర్చుని ఉండొచ్చు. అలాగైతే కాలేజీ వాళ్లు 26క్యూకి సవరణ వేస్తే మీ పాన్‌కి మారుతుంది.

అక్కడా లేకపోతే రెండే కారణాలు. డబ్బు కట్టి రిటర్న్ వెయ్యలేదు, లేదా అసలు కట్టనే లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు అందక ప్రైవేటు కాలేజీలు నగదుకి కటకటలాడటం మన దగ్గర అందరికీ తెలిసిందే. ఆ ఇబ్బంది నిజమే. కానీ మీ బిల్లులోంచి కోసిన 10,800 వాళ్ల డబ్బు కాదు. మీ డబ్బు, ప్రభుత్వానికి చేరాల్సిన డబ్బు. దాన్ని వాడుకోవడానికి వాళ్లకి ఏ హక్కూ లేదు.

అకౌంటెంట్‌ని అడగడం ఆపి, కరస్పాండెంట్ పేరుతో ఉత్తరం రాయండి. మెయిలు పంపండి, కాపీ రిజిస్టర్డ్ పోస్టులో వెయ్యండి. నెలవారీగా బిల్లు నంబరు, బిల్లు మొత్తం, కోసిన మొత్తం, మీ ఖాతాలో పడిన మొత్తం రాసి, కింద మీ పాన్ వేసి, మూడు అడగండి: చలాన్ వివరాలు, 26క్యూ వేసిన రసీదు నంబరు, 16ఏ. ఉత్తరంలోనే ఇంకో వాక్యం చేర్చండి. కోసి కట్టని పన్ను మీద కోసిన రోజు నుంచి నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, 26క్యూ ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము వాళ్ల మీద పడుతుందని. ఇది బెదిరింపు కాదు, చట్టంలో ఉన్నదే. కోసిన పన్ను కట్టకపోతే 276బి సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ దాకా వెళుతుంది. కరస్పాండెంట్లకి ఈ సంగతి అకౌంటెంట్లు చెప్పరు. ఉత్తరం అందాక చాలా కాలేజీల్లో కదలిక వస్తుంది. రాకపోతే ఆదాయపు పన్ను శాఖలో టీడీఎస్ విభాగానికి మీ ఉత్తరం, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ లెటర్‌హెడ్ కాగితం జత చేసి ఫిర్యాదు చేయండి.

మీ రిటర్న్‌ని మాత్రం వాళ్ల కోసం ఆపకండి. ఆదాయం చూపేటప్పుడు నెలకు 1,80,000 చూపాలి, కోసిన తర్వాత వచ్చింది కాదు. కోసింది కూడా మీ ఆదాయమే. 10,800తో సహా కోసిందంతా క్లెయిమ్ చేయండి. 26ఏఎస్‌లో లేని 10,800ని శాఖ ఇప్పటికి ఒప్పుకోకపోవచ్చు, ఆ మేరకు రిఫండ్ తగ్గిస్తూ ఇంటిమేషన్ వస్తుంది. భయపడకండి. మీ నుంచి కోసిన పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని 205 సెక్షన్ చెబుతుంది. ఆ మేరకు డిమాండ్ పెట్టి ఒత్తిడి చేయొద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లోనూ 2016లోనూ తన అధికారులకు రాసింది. కాలేజీ వాళ్లు కట్టి 26ఏఎస్‌లో పడ్డాక రెక్టిఫికేషన్ (సవరణ దరఖాస్తు) పెడితే మిగతా రిఫండ్ వస్తుంది. కాలేజీ కట్టేదాకా ఆ పదివేల చిల్లర మీ చేతికి రాదన్నది మాత్రం చేదు నిజం. అందుకే ఆ ఉత్తరం ఇవాళే రాయమంటున్నాను.

కంపెనీ విషయం నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. వాళ్లది తప్పు. 194జె డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్ల లాంటి వృత్తి సేవల ఫీజులకి, 10 శాతం. కేటరింగ్ 194సీలోకి వస్తుంది. ‘వర్క్’ అంటే ఏమిటో చెప్పే వివరణలో కేటరింగ్ అనే మాట అక్షరాలా ఉంది. వ్యక్తి నడిపే వ్యాపారం కాబట్టి కోత 1 శాతం. నెలకు 600 పోవాల్సిన చోట 6,000 పోతోంది. ఏడాదికి 7,200 బదులు 72,000! బియ్యం, నూనె, గ్యాసు అప్పు మీద తెచ్చుకుని నడిపే వ్యాపారంలో అరవై అయిదు వేలు ఏడాది పొడుగునా ఎక్కడో ఇరుక్కుపోవడమంటే వంటమనుషుల జీతాలు ఆగడమే.

ఆ డబ్బు పోలేదు, ఆగింది. మీ లెక్క చూడండి. కాలేజీ 18 లక్షలు, కంపెనీ 7,20,000, ఫంక్షన్లు 9 లక్షలు, మొత్తం 34,20,000. జీఎస్టీ ఇందులో కలపలేదు, అది మీ ఆదాయం కాదు. రెండు కోట్ల లోపు టర్నోవరున్న మీలాంటి వాళ్లు 44ఏడీ కింద, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపి ఐటీఆర్-4 వెయ్యొచ్చు. అంతకన్నా నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. మీకు అయిదు లక్షలు మిగిలాయనుకుందాం. 2025–26కి కొత్త పన్ను విధానంలో ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేటు పోను పన్ను సున్నా. అంటే కోసిన 90,000లో 26ఏఎస్‌లో ఇప్పుడున్న 79,200 రిటర్న్ వెయ్యగానే మీకు తిరిగి రావాలి. పన్ను లేదు కదా, రిటర్న్ ఎందుకని ఊరుకున్న వాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వేస్తేనే డబ్బు వెనక్కి వస్తుంది. పైగా ఏడాదిలో 25,000 లేదా అంతకు మించి టీడీఎస్ కోస్తే రిటర్న్ వెయ్యడం తప్పనిసరి కూడా.

194జె వల్ల ఇంకో చిక్కుంది. శాఖ కంప్యూటరుకి మీరు వృత్తి ఆదాయం తెచ్చుకుని వ్యాపారంగా చూపినట్టు కనపడుతుంది. ప్రశ్న రావొచ్చు. వస్తే మీ దగ్గర భోజనాల బిల్లులు, వర్క్ ఆర్డరు ఉన్నాయి, జవాబు తేలిక. కంపెనీ వాళ్లకి మాత్రం ఇప్పుడే రాతపూర్వకంగా, కేటరింగ్ 194సీ అని రాసి, గత ఏడాది ఎంట్రీల్లో సెక్షన్ సవరించమని, ఇకనుంచి 1 శాతమే కొయ్యమని అడగండి. పన్ను కొయ్యొద్దని బ్యాంకు వడ్డీకి ఇచ్చే 15జీ లాంటి ఫారం ఇక్కడ చెల్లదు, ఎవరైనా చెప్పినా ఇవ్వకండి. మొండికేస్తే, మీ పన్ను సున్నా అని చూపి, తక్కువ కోతకు ధ్రువపత్రం కోసం ఆదాయపు పన్ను అధికారికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వీలుంది. మీ ఆడిటరుని అడగండి.

జీఎస్టీ విడిగా చూపిన బిల్లు మీద టీడీఎస్ మూల మొత్తానికే, జీఎస్టీ మీద కాదు. 2017లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరు ఇచ్చింది. మీ కాలేజీ 1,80,000 మీద 1,800 కోస్తోంది, ఆ వరకు వాళ్లది సరైనదే. 26ఏఎస్‌లో చెల్లింపు మొత్తం 1,89,000 అని పడితే మాత్రం మీ టర్నోవరుకీ దానికీ తేడా కనపడుతుంది. ఆ తేడా జీఎస్టీయేనని ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి.

పెళ్లిళ్ల వాళ్లు టీడీఎస్ కొయ్యలేదని దిగులొద్దు. సొంత ఇంటి వేడుకకి కేటరింగ్ పెట్టించుకున్న కుటుంబం మామూలుగా కొయ్యక్కర్లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కోసేవి 393 సెక్షన్ కింద పడతాయి, 194సీ అని కనపడదు. కంగారు పడకండి. మీరు వెయ్యబోయే 2025–26 రిటర్న్ పాత చట్టం కిందే.

ఒక పొడుగు నోటుబుక్కు కొనండి. బిల్లు తేదీ, ఎవరికి, ఎంత, ఎంత కోశారు, 26ఏఎస్‌లో ఎప్పుడు పడింది. చివరి గడి ఖాళీగా ఉంటే ఫోను చెయ్యాలి. ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి, జూన్ నెలల సగం దాటాక దాన్ని తెరవండి. ఏడాది చివర్లో చూస్తే ఆరు నెలల కోత ఒక్కసారిగా మాయమైనట్టు తెలుస్తుంది, మీకు ఇప్పుడు తెలిసినట్టే.

ప్రశ్న: మంగళగిరి చీరలు ఆన్‌లైన్ మార్కెట్ సైట్ల ద్వారా అమ్ముతాను. జీఎస్టీ నంబరుంది. ఏడాదిలో నా బ్యాంకులో పడింది 6,10,000. 26ఏఎస్‌లో అమ్మకం 8,40,000 అని, 840 టీడీఎస్ అని చూపిస్తోంది. రాని డబ్బు మీద పన్ను కట్టాలా?
– ఒక చీరల వ్యాపారి, మంగళగిరి

జవాబు: రాని డబ్బు కాదండీ, వచ్చి మీ చేతికి చేరేలోపు ఖర్చయిన డబ్బు. 194-ఓ సెక్షన్ కింద ఆ సైటు కొనుగోలుదారు కట్టిన మొత్తం అమ్మకం మీద 0.1 శాతం కోస్తుంది (2024 అక్టోబరుకు ముందు 1 శాతం ఉండేది). తర్వాత వాళ్ల కమిషను, కొరియరు, ప్రకటనల ఖర్చు తీసుకుని మిగతాది మీకు వేస్తుంది. 2,30,000 తేడా అదే. సైటు ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టు దింపి నెలవారీగా సరిచూడండి. వాపసు వచ్చిన చీరలు అమ్మకంలో ఉండిపోతే అక్కడ తేలుతుంది.

రిటర్న్‌లో మొత్తం అమ్మకమే టర్నోవరుగా చూపాలి, బ్యాంకులో పడింది చూపితే ఏఐఎస్‌తో తేడా వచ్చి ప్రశ్న వస్తుంది. అలా చూపినందుకు మీకు నష్టం లేదు. 44ఏడీ కింద 6 శాతం చొప్పున లాభం 50,400. కమిషను, కొరియరు, చీరల కొనుగోలు అన్నీ మిగతా 94 శాతంలో ఇమిడిపోయినట్టే. అంతకు మించి మిగిలి ఉంటే అసలు లాభమే చూపండి.

సైటు మీ దగ్గర ఇంకో 0.5 శాతం కూడా పట్టుకుంటుంది. అది జీఎస్టీ కింద టీసీఎస్, అంటే సైటే వసూలు చేసి కట్టే పన్ను. 26ఏఎస్‌లో వెతికితే దొరకదు. జీఎస్టీ పోర్టల్‌లో ‘టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్’ అనే పేజీ తెరిచి ‘యాక్సెప్ట్’ నొక్కితే మీ క్యాష్ లెడ్జరులోకి వస్తుంది. అప్పుడు జీఎస్టీ కట్టడానికి వాడుకోవచ్చు. ఆ బటన్ నొక్కక వేలకు వేలు వదిలేసిన చేనేత వ్యాపారులు మన జిల్లాలో ఉన్నారు. ఇవాళ రాత్రే చూడండి.

ప్రశ్న: విశాఖలో ఇంటి నుంచి వీడియో ఎడిటింగ్ చేస్తాను. అమెరికా క్లయింటు ‘డబ్ల్యూ-8బెన్ నింపి పంపు, లేకపోతే పేమెంటు ఆగుతుంది’ అన్నాడు. నింపితే అక్కడ పన్ను కడతానని ఒప్పుకున్నట్టా?
– ఒక యువతి, విశాఖపట్నం

జవాబు: కాదమ్మా, దానికి పూర్తిగా తిరగబడిన సంగతి. నేను అమెరికా వ్యక్తిని కాను అని మీరు చెప్పే కాగితం అది. మీరు విశాఖలో కూర్చుని చేసిన పనికి వచ్చే ఫీజు అక్కడి చట్టం ప్రకారం అమెరికా వెలుపలి ఆదాయం. అందుకే అక్కడ 30 శాతం కోత పడనక్కర్లేదు. ఫారంలో విదేశీ పన్ను నంబరు దగ్గర మీ పాన్ రాయండి, చిరునామా ఇక్కడిదే ఇవ్వండి, సంతకం పెట్టి క్లయింటుకే పంపండి. అమెరికా పన్ను శాఖకి పంపేది కాదు. డబ్ల్యూ-9 అనే ఫారం అమెరికా వాళ్లది, పొరపాటున అది పంపితే నింపకండి. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరి దాకా ఇది చెల్లుతుంది.

పన్ను ఇక్కడ మాత్రం ఉంది. ఆ డాలర్ల మొత్తం మీ భారతీయ రిటర్న్‌లో చూపాలి. క్లయింటు టీడీఎస్ కొయ్యడు కాబట్టి మీ 26ఏఎస్ ఖాళీగా ఉంటుంది. ఆదాయం లేదని కాదు దాని అర్థం. ప్రతి పేమెంటుకీ బ్యాంకు ఇచ్చే విదేశీ చెల్లింపు ధ్రువపత్రం అడిగి తీసుకుని, ఇన్‌వాయిస్‌తో కలిపి దాచండి.